మెడికల్ వార్డులో ఇన్ని పక్షవాతం కేసులా? లెక్కలు, కారణాలు: తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణలంక_శ్రీను | ఆదివారం రాత్రి 9:12

నమస్కారమండీ. ఈ విషయం మీద పాత చర్చ ఏదైనా ఉంటే లింకు పెట్టండి, వెతికితే నాకు దొరకలేదు.

మా బాబాయికి షుగరు బాగా పెరిగి, జ్వరం కూడా తోడైతే పెద్దాసుపత్రి మెడికల్ వార్డులో చేర్చాం. అటు పక్క బెడ్డు పక్షవాతం, ఇటు పక్క బెడ్డు పక్షవాతం, ఎదురుగా ఉన్నదీ అదే. అందులో ఒకాయనకి యాభై కూడా నిండలేదు. వార్డంతా చూసి మా పిన్ని "ఇదేదో ఊరంతా పాకేస్తోందిరా" అని బెంగ పెట్టుకుంది.

నాకు రెండు సందేహాలు. ఆస్పత్రిలో చేరేవాళ్లలో నిజంగానే ఇంతమందికి స్ట్రోకా, లేక ఆ వార్డు అలాంటిదా? ఇక రెండోది, ప్రతి కేసు షీటు మీదా "బీపీ, షుగరు" అనే ఉంటోంది. అవి నిజంగా కారణాలేనా, లేక అడిగిన ప్రతివాళ్లకీ రాసేస్తారా?

---

నైట్‌డ్యూటీ_సిస్టర్ | ఆదివారం రాత్రి 10:05

శ్రీను గారూ, మెడికల్ వార్డులో పదిహేనేళ్లకి పైగా పనిచేస్తున్నాను. మీకు కనపడింది అబద్ధం కాదు, కానీ పూర్తిగా నిజమూ కాదు.

జ్వరం పేషెంటు మూడు నాలుగు రోజుల్లో వెళ్లిపోతాడు. వాంతులు, విరేచనాలైతే సెలైన్ ఎక్కించి రెండో రోజు పంపేస్తాం. పక్షవాతం పేషెంటు అలా కాదు. ముక్కులో గొట్టం, యూరిన్ గొట్టం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, మింగడం వచ్చిందో లేదో చూసుకోవడం. ఇంటికి పంపాలంటే ముందు ఇంట్లో చూసుకునే మనిషి ఉండాలి. కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చేదాకా బెడ్డు మీదే ఉంటారు. అందుకే ఏ రోజు చూసినా వార్డులో వాళ్లే కనపడతారు.

ఇంకోటి, నర్సింగ్ స్టేషన్‌కి దగ్గరగా ఉండే బెడ్లు వాళ్లకే ఇస్తాం, కళ్లముందు ఉంటారని. మీ బాబాయి బెడ్డు కూడా అక్కడే ఉందేమో చూడండి.

---

లెక్కల_మాస్టారు | ఆదివారం రాత్రి 10:48

సిస్టర్ గారు అసలు సంగతి పట్టుకున్నారు. దాన్నే అంకెల్లో చెబుతాను. ఇవి ఏ ఆస్పత్రివీ కావు, అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

నెలకి 500 మంది చేరారనుకోండి. వాళ్లలో 30 మందికి స్ట్రోక్, అంటే 6 శాతం. స్ట్రోక్ వాళ్లు తలా 10 రోజులు ఉంటారు, మిగతా 470 మంది తలా 4 రోజులు. 30 మందికి 300 బెడ్డు రోజులు, మిగతావాళ్లకి 1,880. మొత్తం 2,180లో 300 అంటే దాదాపు 14 శాతం. రిజిస్టరు చూసి రాసినవాడు 6 అంటాడు, వార్డులో నడుస్తూ బెడ్లు లెక్కపెట్టినవాడు 14 అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. డిపోలో నిలబడి చూస్తే రిపేరుకొచ్చిన బస్సే ఎక్కువసేపు కనపడుతుంది కదా, అదే ఇది.

కాబట్టి ఎవరైనా "ఆస్పత్రి పేషెంట్లలో ఇంత శాతం స్ట్రోక్" అంటే ముందు అడగాల్సింది "దేంట్లో శాతం?" అని. మొత్తం అడ్మిషన్లలోనా, మెడిసిన్ విభాగంలోనా, న్యూరాలజీ వార్డులోనా? న్యూరాలజీ వార్డులో లెక్కపెడితే ఎలాగూ ఎక్కువే వస్తుంది. కంటి ఆస్పత్రిలో శుక్లాలు లెక్కపెట్టి ఊరంతా శుక్లాలే అంటే ఎలా?

ఊళ్లో ఎంతమందికి వస్తోందో తెలియాలంటే ఇంటింటి లెక్క కావాలి. కోల్‌కతా, తిరువనంతపురం, లూధియానా లాంటి చోట్ల అలాంటి సర్వేలు చేశారు. మన దేశంలో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఏడాదికి లక్ష జనాభాకి 105 నుంచి 152 కొత్త కేసులు. 50 వేల జనాభా ఉన్న మండలం తీసుకుంటే ఏటా 50 నుంచి 75 మంది. తక్కువేమీ కాదు. అయితే శ్రీను గారి పిన్ని అనుకున్నట్టు పాకే జబ్బు మాత్రం కాదు.

---

వేటపాలెం_కుర్రోడు | ఆదివారం రాత్రి 11:20

మాస్టారూ, ఆస్పత్రికి రాకుండానే పోయినవాళ్ల మాటేంటి? మా నాయనమ్మ రాత్రి మాట పడిపోయి తెల్లారేసరికి పోయింది. ఏ రిజిస్టరులోనూ లేదు. "పెద్దవయసు" అనుకున్నాం, అంతే.

---

లెక్కల_మాస్టారు | ఆదివారం రాత్రి 11:31

సరిగ్గా అదే బాబూ. మరీ తీవ్రంగా వచ్చినవాళ్లు ఇంట్లోనే పోతారు, మరీ తేలిగ్గా వచ్చినవాళ్లు "చెయ్యి తిమ్మిరెక్కింది" అని పడుకుంటారు. ఆస్పత్రి రిజిస్టరుకి దొరికేది మధ్యలోవాళ్లు. అందులోనూ ఆటోకి డబ్బులుండి, తీసుకొచ్చే మనిషి ఉన్నవాళ్లు. ఆడవాళ్లు, మరీ ముసలివాళ్లు తక్కువ కనపడటానికి అదీ ఓ కారణం కావచ్చు.

---

పీజీ_జనరల్_మెడిసిన్ | సోమవారం ఉదయం 6:10

డ్యూటీ దిగాను, నిద్ర రావట్లేదు, అందుకే రాస్తున్నా. శ్రీను గారి రెండో ప్రశ్నకి వస్తాను.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కింద బెంగళూరులో ఉన్న సంస్థ ఒకటి దేశవ్యాప్తంగా ఆస్పత్రుల నుంచి స్ట్రోక్ కేసుల వివరాలు సేకరిస్తోంది, దాన్ని స్ట్రోక్ రిజిస్ట్రీ అంటారు. 30 ఆస్పత్రుల్లో దాదాపు 35 వేల కేసులు. సగటు వయసు 60 లోపే. సుమారు నాలుగింట మూడొంతుల మందికి బీపీ ఉంది. నాలుగో వంతుకి కాస్త పైన షుగరు. ఇంచుమించు అంతేమందికి ఖైనీ, గుట్కా లాంటి నమిలే పొగాకు అలవాటు. ఏడుగురిలో ఒకరు 45 ఏళ్ల లోపువాళ్లు. కాబట్టి శ్రీను గారూ, ఆ పక్క బెడ్డాయనది అరుదైన కేసేమీ కాదు.

అయితే "బీపీ ఉంది" అనే మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. స్ట్రోక్ వచ్చిన మొదటి గంటల్లో చాలామందికి బీపీ దానంతటదే పెరుగుతుంది, జన్మలో బీపీ లేనివాళ్లకి కూడా. మెదడుకి రక్తం అందట్లేదని శరీరం ఒత్తిడి పెంచుతుంది, దానికి భయం, నొప్పి, నిండిన మూత్రాశయం తోడవుతాయి. కొద్దిరోజుల్లో మెల్లగా దిగుతుంది. చేరిన రోజు కొలిచి 180/100 ఉందని "బీపీ పేషెంట్" అని రాసేస్తే లెక్క ఉబ్బిపోతుంది. పాత చీటీ చూడాలి, మాత్రలు వాడుతున్నారా అని అడగాలి, ఈసీజీలోనో ఎకోలోనో (గుండె స్కానింగ్) గుండె కండరం మందమైన గుర్తులున్నాయా చూడాలి, కంటి నరం పరీక్ష చేయాలి. ఏళ్ల తరబడి ఉన్న బీపీ ఎక్కడో ఒకచోట ఆనవాలు వదులుతుంది.

షుగరు కూడా అంతే. ఒంట్లో ఒత్తిడి వల్ల ఆ రోజు 200 చూపించొచ్చు. అందుకే హెచ్‌బీఏ1సీ చేస్తాం, అది గత రెండు మూడు నెలల సంగతి చెబుతుంది.

ఇంత వడపోసినా బీపీయే మొదటి స్థానంలో ఉంటుంది. అందులో సందేహం లేదు. 32 దేశాల్లో చేసిన ఇంటర్‌స్ట్రోక్ అనే అధ్యయనం 2016లో వచ్చింది, మన దేశం కూడా ఉంది అందులో. స్ట్రోక్ వచ్చినవాళ్లని, అదే వయసులో రానివాళ్లతో పోల్చారు. స్ట్రోక్ భారంలో దాదాపు 90 శాతానికి పది కారణాలే లెక్క చెబుతాయని తేలింది. బీపీ ఒక్కదాని వాటా సుమారు సగం. మిగతావి: పొగతాగడం, షుగరు, బొజ్జ, కదలకపోవడం, తిండి, మందు, గుండెజబ్బు, కొలెస్ట్రాల్‌కి సంబంధించిన ఒక లెక్క, మానసిక ఒత్తిడి.

---

చుట్ట_సుబ్బారాయుడు | సోమవారం ఉదయం 8:02

అయ్యా డాక్టరు గారూ, మా తాత రోజూ అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట) తాగి, ఉప్పు చేప లేందే ముద్ద దిగక, 92 ఏళ్లు బతికాడు. మా పక్కింటి టీచరు గారు పొగ, మందు ముట్టడు, పొద్దున్నే వాకింగు, 56కే పడిపోయాడు. మీ పది కారణాలు ఎవరికి చెప్పాలి?

---

లెక్కల_మాస్టారు | సోమవారం ఉదయం 8:40

సుబ్బారాయుడు గారూ, మీ తాతగారితో పాటు చుట్ట కాల్చి 60కే పోయినవాళ్ల గురించి మనవలు ఫోరంలో రాయరు. అది సరే, ఆ టీచరు గారు ఎప్పుడైనా బీపీ చూపించుకున్నారా?

---

చుట్ట_సుబ్బారాయుడు | సోమవారం ఉదయం 8:55

అడిగి చెప్తా.

---

చుట్ట_సుబ్బారాయుడు | సోమవారం మధ్యాహ్నం 1:17

అడిగాను. ఎప్పుడూ చూపించుకోలేదట. "తలనొప్పి లేదు, కళ్లు తిరగవు, నాకెందుకు బీపీ" అనేవాడట. ఆస్పత్రిలో చూస్తే కిడ్నీ కూడా కొంచెం దెబ్బతిందన్నారట. సరే, ఒప్పుకున్నా. చుట్ట మాత్రం మానను.

---

వేటపాలెం_కుర్రోడు | సోమవారం మధ్యాహ్నం 1:50

మా నాన్నదీ ఇంచుమించు అదే కథ, కాకపోతే ఆయనకి బీపీ ఉందని తెలుసు. మూడేళ్లు మాత్రలు వాడాడు. ఒకసారి చెకప్‌లో 124/80 వచ్చింది. "తగ్గిపోయింది కదా" అని ఆపేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మ అడిగితే "వేసుకున్నాలే" అనేవాడు. పడిపోయాక బీరువాలో చూస్తే ఐదు స్ట్రిప్పులు కదలకుండా ఉన్నాయి.

ఆ రోజు సంగతి కూడా చెప్పాలి. పొద్దున టీ తాగుతుంటే గ్లాసు జారింది. ఎడమ చెయ్యి లేవట్లేదు, నోరు ఓ పక్కకి పోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చాడు, బీపీ చూసి "బాబోయ్, 200 ఉంది" అని నాలుక కింద ఏదో క్యాప్సూల్ చిదిమి పెట్టాడు. ఒక ఇంజెక్షన్ కూడా వేశాడు. కాసేపటికి మనిషి ఇంకా మగతలోకి వెళ్లాడు. "నిద్రపోతున్నాడు, మంచిదే" అన్నాడు. మధ్యాహ్నం దాకా అలాగే ఉంచి, తర్వాత చీరాల, అక్కడి నుంచి ఇంకో చోటికి. స్కాన్ అయ్యేసరికి సాయంత్రం ఆరు. "నాలుగున్నర గంటల్లో తెచ్చి ఉంటే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం" అన్నారు. ఆ మాట మా అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ క్యాప్సూల్ వల్ల ఏమైనా తేడా జరిగిందా డాక్టర్ గారూ? తిట్టడానికి కాదు, తెలుసుకుందామని.

---

పీజీ_జనరల్_మెడిసిన్ | సోమవారం రాత్రి 9:30

కుర్రోడు తమ్ముడూ, మీ నాన్నగారి విషయంలో అదే కారణమని నేను చెప్పలేను, చెప్పకూడదు. పద్ధతి మాత్రం తప్పు.

నరం మూసుకుపోయినప్పుడు దాని చుట్టూ ఇంకా బతికున్న మెదడు భాగం ఆ పెరిగిన బీపీ మీదే ఆధారపడి ఉంటుంది. ఒక్కసారిగా దించేస్తే ఆ భాగం కూడా చచ్చిపోతుంది. అందుకే గడ్డని కరిగించే మందు (మీకు నాలుగున్నర గంటల్లోపు అని చెప్పిన ఇంజెక్షన్) ఇవ్వని పక్షంలో 220/120 దాటితే తప్ప మొదటి రోజు మేం సాధారణంగా బీపీ జోలికి పోం. కరిగించే మందు ఇవ్వాలంటే మాత్రం ముందు 185/110 లోపుకి తేవాలి, దాన్నీ మెషీన్ చూసుకుంటూ మెల్లగా. మెదడులో రక్తస్రావమైతే లెక్క మళ్లీ మారిపోతుంది, అక్కడ త్వరగా తగ్గించాలి. మూడింటికి మూడు దారులు. ఏ దారో సీటీ స్కాన్ చూడకుండా ఎవరూ చెప్పలేరు, న్యూరాలజీ ప్రొఫెసర్ అయినా సరే.

ఆస్పిరిన్ కూడా అంతే. గుండెనొప్పికి నమలమంటారు కదా అని దీనికీ నోట్లో వేస్తుంటారు. రక్తం కారే స్ట్రోక్ అయితే ప్రమాదం. పైగా మింగడం దెబ్బతిన్న మనిషికి మాత్ర, నీళ్లు, కాఫీ ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. స్ట్రోక్ పేషెంట్లు తర్వాత న్యుమోనియాతో పోవడానికి ఇదొక ముఖ్య కారణం.

స్కాన్ గురించి ఇంకో మాట. రక్తస్రావం అయితే సీటీలో వెంటనే తెల్లగా కనపడుతుంది. నరం మూసుకుపోయిన స్ట్రోక్‌లో మొదటి గంటల్లో సీటీ మామూలుగానే ఉండొచ్చు. "సీటీ నార్మల్ అన్నారు, ఇంటికి తీసుకెళ్లిపోయాం" అనేవాళ్లు వారానికొకరు తగులుతారు. కాలూ చెయ్యీ పడిపోయి సీటీ మామూలుగా ఉందంటే, కరిగించే మందుకి అదే మంచి సమయం!

నేను చెప్పిన రిజిస్ట్రీలో నాలుగున్నర గంటల్లోపు వచ్చినవాళ్లు ఐదుగురిలో ఒక్కరే. ఒక రోజు దాటాక వచ్చినవాళ్లు అంతకంటే ఎక్కువ. ఆ మందు అందింది నూటికి ఐదుగురికి కూడా కాదు.

---

ఫిజియో_సురేఖ | సోమవారం రాత్రి 10:14

ఈ లెక్కల్లో రాని ఒక కారణం నేను రోజూ చూస్తాను: ఇంతకుముందు ఒకసారి వచ్చి ఉండటం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో "పోయినేడు పది నిమిషాలు మాట తడబడింది, మళ్లీ బాగైపోయింది" అని చెప్పేవాళ్లు బోలెడుమంది. ఆ పది నిమిషాలే అసలు హెచ్చరిక. దానికే టీఐఏ అంటారు. మూడు నెలల్లోపు పెద్దది వచ్చే అవకాశం బాగా ఎక్కువ, అందులో సగం మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. బాగైపోయింది కదా అని ఆస్పత్రికి వెళ్లకపోవడం, లేదా దిష్టి తీయించుకుని పడుకోవడం.

మూడు నెలలు నాటు మందు తిని, కాలు బిగుసుకుపోయాక నా దగ్గరికి తెస్తారు. తైలం రాసుకుంటే రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ అప్పటిదాకా వాడుతున్న బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు "పథ్యం" పేరుతో ఆపేయమంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

వార్డులో ఉన్న బంధువులకి ఒక విన్నపం. పేషెంటుని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకండి. ఆ భుజానికి కండరాల పట్టు ఉండదు, కీలు జారుతుంది. నెల తర్వాత కాలు నడక నేర్చుకున్నా భుజం నొప్పితో ఏడుస్తుంటారు. నడుము దగ్గర, వీపు వెనక చెయ్యి వేసి లేపండి.

చర్చ దారి మళ్లించానా? క్షమించాలి.

---

బర్మింగ్‌హామ్_బాబాయ్ | మంగళవారం తెల్లవారుజామున 3:25

నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో ఆస్పత్రిలో వార్డు నర్సుని, మాది తణుకు దగ్గర. శ్రీను అడిగిన "ఆస్పత్రి పేషెంట్లలో స్ట్రోక్" అన్నదానికి ఇంకో అర్థం ఉంది, ఎవరూ ఎత్తలేదు. వేరే జబ్బుకి చేరి, బెడ్డు మీద ఉండగా స్ట్రోక్ వచ్చేవాళ్లు. మొత్తం స్ట్రోకుల్లో వీళ్లు 2 నుంచి 17 శాతం దాకా అని రకరకాల చోట్ల లెక్కలు వచ్చాయి.

చుట్టూ డాక్టర్లు, కింద అంతస్తులో స్కానర్, వీళ్లకి అందరికంటే త్వరగా వైద్యం అందాలి కదా? అలా జరగదు. బయటి నుంచి అంబులెన్స్‌లో వచ్చినవాడి కోసం ఒక టీమ్ గుమ్మంలో నిలబడి ఉంటుంది. వార్డులో ఉన్నవాడికి మాట తడబడితే "మత్తు ఇంకా దిగలేదు", "జ్వరానికి పలవరిస్తున్నాడు", "ముసలాయన, నిద్రమత్తు" అనుకుంటారు. ఎప్పటిదాకా బాగున్నాడో ఎవరికీ తెలీదు.

వీళ్లకి ముప్పు కారణాలు కూడా కొంచెం వేరు. బీపీ, షుగరు ఎలాగూ ఉంటాయి. దానిపైన గుండె ఆపరేషన్, కాథెటర్ పెట్టి చేసే గుండె చికిత్సలు, ఆపరేషన్ కోసం రక్తం పలచబడే మందు ఆపడం, ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా గుండె లయ తప్పడం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఆ లయ తప్పే జబ్బు ఉంటే స్ట్రోక్ ముప్పు ఐదు రెట్లు. మన వైపు కీళ్లవాతం జ్వరం వల్ల కవాటం దెబ్బతిన్నవాళ్లకి ఇంకా ఎక్కువ.

ఇక్కడ 2009 నుంచి స్ట్రోక్ గుర్తుల మీద టీవీల్లో ఒకటే ప్రచారం: మూతి, చెయ్యి, మాట, టైమ్. చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. 108 సర్వీసు 2005లో హైదరాబాద్‌లోనే పుట్టింది, అయినా మనవాళ్లు ఇప్పటికీ తెలిసినవాళ్ల కారు కోసం గంట చూస్తారు.

---

నైట్‌డ్యూటీ_సిస్టర్ | మంగళవారం మధ్యాహ్నం 2:40

బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర ఎలా ఉంటుందో చెబుతాను, ఊరు పేరు వద్దు.

తుంటి ఎముక విరిగి చేరిన పెద్దావిడ. ఆపరేషన్ కోసం ఎసిట్రామ్ (రక్తం పలచబడే మాత్ర) ఆపారు, గుండె కవాటం జబ్బు ఉందావిడకి. ఆపరేషన్ వాయిదా పడింది, పడుతూనే ఉంది. మందు మళ్లీ మొదలుపెట్టాలా, బదులుగా ఇంజెక్షన్ ఇవ్వాలా అన్నది ఆర్థో వాళ్లు మెడిసిన్ వాళ్లని అడగాలి, వాళ్లు కార్డియాలజీని అడగాలి. కేసు షీటులో "ఒపీనియన్ కోసం పంపాం" అని ఉంది. తెల్లవారుజామున ఐదింటికి టెంపరేచర్ చూద్దామని లేపితే కళ్లు తెరిచింది, నన్ను చూస్తోంది, మాట రావట్లేదు. కుడిచెయ్యి పైకెత్తి వదిలితే దబ్బున పడింది. పక్కనే పడుకున్న కోడలు "రాత్రి పదకొండుకి నీళ్లడిగింది సిస్టర్, అప్పుడు బాగానే ఉంది" అంది. పదకొండు నుంచి ఐదు. ఆరు గంటలు పోయాయి.

మొదట చేసింది వేలు గుచ్చి షుగరు చూడటం. షుగరు పడిపోయినా అచ్చం పక్షవాతం లాగే ఉంటుంది, గ్లూకోజ్ ఎక్కిస్తే మాట్లాడేస్తారు. అది బాగానే ఉంది. తర్వాత డ్యూటీ డాక్టరు, స్కాన్, అన్నీ జరిగాయి. ఆవిడ బతికింది, మాట పూర్తిగా రాలేదు.

అప్పటి నుంచి నేను రాత్రి పదకొండు రౌండులో, తెల్లవారుజామున మూడింటి రౌండులో ప్రతి పేషెంటునీ ఒక్క మాటైనా పలకరిస్తాను. "ఏమ్మా, బాగున్నావా?" అంటే జవాబొస్తుంది, లేదా విసుక్కుంటారు. తిట్టినా పర్లేదు, మాట స్పష్టంగా ఉందని తెలుస్తుంది. టైము నోట్స్‌లో రాసేస్తాను. నలభై బెడ్లకి ఇద్దరమే ఉన్న రాత్రి మాత్రం అందరినీ పలకరించడం కుదరదు, ఆ సంగతి కూడా రాయాల్సిందే.

---

అమ్మాయి_అనంతపురం | మంగళవారం సాయంత్రం 5:15

అందరూ పెద్దవాళ్ల గురించే రాస్తున్నారు. మా వదినకి 24 ఏళ్లు. కాన్పైన పన్నెండో రోజు ఫిట్స్ వచ్చి, ఎడమ కాలు చెయ్యి పడిపోయాయి. అంతకుముందు నాలుగు రోజులు తలనొప్పి అంటూనే ఉంది. "చెవుల్లో దూది పెట్టుకోలేదు, గాలి తగిలింది" అని తిట్టారు తనని. డాక్టర్లు మెదడులో సిర మూసుకుపోయిందన్నారు. బీపీ లేదు, షుగరు లేదు, పొగ లేదు. ఇది ఆ పది కారణాల్లో ఎక్కడ వస్తుంది?

---

పీజీ_జనరల్_మెడిసిన్ | మంగళవారం రాత్రి 11:05

రాదమ్మా. ఇది వేరే జాతి స్ట్రోక్. మామూలుగా మూసుకునేది మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని. ఇక్కడ రక్తం బయటికి తీసుకొచ్చే సిర గడ్డకట్టి మూసుకుంటుంది. మన దేశంలో చిన్నవయసు ఆడవాళ్లకి వచ్చే స్ట్రోకుల్లో దీనికి పెద్ద చోటే ఉంది, బాలింతలకి మరీ. కాన్పు సమయంలో రక్తానికి సహజంగానే గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దానికి రక్తహీనత తోడవుతుంది. ఇక మన ఇళ్లలో బాలింతకి నీళ్లు గుటకల లెక్కన ఇస్తారు చూడండి, "నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది, బిడ్డకి జలుబు చేస్తుంది" అని, ఆ ఎండిపోవడం కూడా కలుస్తుంది. మే నెలలో అనంతపురం ఎండలో, కిటికీలు మూసిన గదిలో, తల్లి పాలిస్తూ రోజుకి రెండు గ్లాసులు. నాకు ఆలోచిస్తేనే గొంతు ఎండిపోతుంది.

బాలింతకి రోజురోజుకీ పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసక, ఫిట్స్, వీటిలో ఏది వచ్చినా గాలి అని కూర్చోకూడదు. సంతోషించాల్సింది ఏంటంటే, సమయానికి గడ్డ కరిగే చికిత్స మొదలుపెడితే వీళ్లలో ఎక్కువమంది బాగా కోలుకుంటారు. మీ వదిన ఎలా ఉన్నారు?

---

అమ్మాయి_అనంతపురం | మంగళవారం రాత్రి 11:22

నడుస్తోంది. పాపని ఎత్తుకుంటోంది. చెయ్యి వేళ్లు ఇంకా కొంచెం బిగుసుగా ఉన్నాయి. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు ఎప్పుడూ వాడొద్దన్నారు, అది ఇప్పుడు అర్థమైంది.

మా అమ్మకి ఈ చర్చ చదివి వినిపించాను. నీళ్ల సంగతి దగ్గర ఏమీ మాట్లాడలేదు.

---

నిర్వాహకులు | బుధవారం ఉదయం 7:00

చర్చ బాగా సాగుతోంది. ఇద్దరు సభ్యులు మాత్రల పేర్లు, మోతాదులు అడుగుతూ పెట్టిన పోస్టులు తీసేశాం. రిపోర్టుల ఫొటోలు కూడా పెట్టకండి, పేషెంట్ల పేర్లు కనపడుతున్నాయి. లక్షణాలు ఇప్పుడే మొదలైనవాళ్లు ఇక్కడ అడగకుండా 108కి ఫోన్ చేయండి.

---

కృష్ణలంక_శ్రీను | బుధవారం ఉదయం 9:48

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. మాస్టారి లెక్క పిన్నికి చెప్పాను, "అయితే పాకదుగా" అని తేలికపడింది. ఆ వెంటనే "నా బీపీ ఎంతో చూడరా" అంది. సిస్టర్ చూశారు, 158/96. అరగంట కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 152/94. పిన్నికి ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఒక చిన్న సందేహం. ఇది ఆస్పత్రి టెన్షన్ వల్ల వచ్చిన బీపీనా, నిజమైనదా?

---

పీజీ_జనరల్_మెడిసిన్ | బుధవారం మధ్యాహ్నం 1:30

రెండూ కావచ్చు. నాలుగు రాత్రులు వార్డు నేల మీద పడుకున్న మనిషి కదా. ఇంటికెళ్లాక వారం రోజులు పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు నిమ్మళంగా కూర్చుని, చెయ్యి బల్ల మీద ఆనించి చూసుకోమనండి, కాఫీ తాగిన వెంటనే వద్దు. కాగితం మీద రాసుకుని డాక్టరుకి చూపించమనండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఉన్నట్టే. మీ పీహెచ్‌సీలో కూడా ఉచితంగా చూస్తారు, మాత్రలూ ఇస్తారు.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతానికి, ఆడవాళ్లలో 21 శాతానికి బీపీ ఉందని తేలింది. మన రెండు రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువే. వీళ్లలో చాలామందికి మీ పిన్నిలాగే తెలీదు.

---

చుట్ట_సుబ్బారాయుడు | బుధవారం మధ్యాహ్నం 2:05

ఆవకాయ మానాలా డాక్టరు గారూ? సూటిగా చెప్పండి.

---

పీజీ_జనరల్_మెడిసిన్ | బుధవారం మధ్యాహ్నం 2:20

డబ్ల్యూహెచ్‌వో చెప్పేది రోజుకి 5 గ్రాముల ఉప్పు లోపు, అంటే ఒక టీ స్పూను. మనం దాదాపు రెట్టింపు తింటాం. ఆవకాయ ముద్ద ఒకటి తినండి, కూరలోనూ పులుసులోనూ ఉప్పు తగ్గించండి, మజ్జిగలో ఉప్పు వేసుకోకండి, అప్పడాలు, ఎండుచేపలు రోజూ వద్దు. మీరు మాత్రం చుట్ట మానితే ఆవకాయ గురించి నేను మళ్లీ మాట్లాడతాను.

---

బర్మింగ్‌హామ్_బాబాయ్ | బుధవారం రాత్రి 11:50

శ్రీనూ, మీ బాబాయికి ఈసీజీ తీశారా? షుగరున్న మనిషి, అరవై దాటి ఉంటారు. నాడి పట్టుకుని చూడు, దెబ్బలు సమంగా పడుతున్నాయా, తప్పిపోతున్నాయా. తేడాగా ఉంటే రౌండ్స్‌లో అడుగు.

---

కృష్ణలంక_శ్రీను | గురువారం ఉదయం 10:15

తీశారట, లయ బాగానే ఉందన్నారు. హెచ్‌బీఏ1సీ 10.2. రేపు డిశ్చార్జ్. ఆ పక్క బెడ్డాయన ఇంకా ఇక్కడే ఉన్నారు, కొడుకు శనివారం బెంగళూరు నుంచి వస్తాడట. సురేఖ గారూ, ఆయన భార్యకి మీరు చెప్పిన భుజం సంగతి చెప్పాను. ఇంటికెళ్లాక ఏ వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో రాస్తారా? ఆవిడ ఫోన్‌లో చదివి వినిపిస్తాను.

---

ఫిజియో_సురేఖ | గురువారం ఉదయం 10:40

మనిషిని చూడకుండా వ్యాయామాలు రాయనండీ. వార్డు ఫిజియో ఏం చేయిస్తున్నారో ఫోన్‌లో వీడియో తీసుకోమనండి, కొడుకు వచ్చాక అతనితో ఒకసారి చేయించి చూసుకోవాలి. డిశ్చార్జ్ చీటీలో ఫిజియోకి మళ్లీ ఏ రోజు రావాలో రాయించుకోమనండి. చాలాసార్లు ఆ ఒక్క లైను రాయడం మర్చిపోతారు.